యాది దండకం

యాదీ! రెండక్షరాల నిండు చెరువా! పెదవి కదలకముందే కండ్లలోకి వచ్చి నిలిచే మాటా! నిన్ను పలకడానికి పెదవులు కలవనక్కరలేదు. 'యా' అంటే గొంతు తనంతట తాను దర్వాజ తెరుచుకుంటది, 'ది' అంటే నాలుక కొస పండ్ల ఎనుక ఒక్కసారి తాకి జారుకుంటది. తెరుచుకునుడు, తాకుడు, జారుడు: నీ గుణమంతా నిన్ను పలికే తీరులోనే ఉన్నది. ఏడుస్తున్న నోట్లోనూ చెదరని మాటవు, నవ్వుతున్న నోట్లోనూ నలగని మాటవు, నిద్దట్లో కలవరించినా తడబడని మాటవు. దండం నీకు.

నీ ఈడు మాటలు తెలుగింట్లో తక్కువేం లేవు. జ్ఞాపకం ఉన్నది, పట్టుపంచె కట్టి పీట మీద కూర్చున్న పెద్దమనిషి. స్మృతి ఉన్నది, తాళపత్రాల వాసనేసే తల్లి. గుర్తు ఉన్నది, చెట్టు బెరడు మీద కత్తిగాటు, పొలం గట్టు మీద హద్దురాయి. తలపు ఉన్నది, పూర్వకవుల తోటల్లో పూసి ఇప్పటికీ పరిమళం వీడని అచ్చతెలుగు పువ్వు. అందరికీ మొక్కుత. కాని పొద్దుగూకినంక అరుగు మీద కూర్చున్న అవ్వ నిట్టూరిస్తే, ఆ నిట్టూర్పు మీద ఎక్కి వచ్చేది నువ్వే. 'యాదికొస్తున్నవు బిడ్డా' అని ఆమె అన్నప్పుడు దూరం పలచబడుతది, ఏండ్లు దగ్గరపడుతయి, ఎన్నడో పోయినవాండ్లు చెప్పులు విడిచి లోపలికొస్తరు. 'యాదున్నదా' అంటే ఒక నవ్వుకు మొదలు. 'యాదుంచుకో' అంటే గొంతును బట్టి దీవెన, గొంతును బట్టి హెచ్చరిక. 'నిన్ను మస్తు యాది జేసిండ్రు' అంటే పది ఉత్తరాల పెట్టు.

వీటన్నిటికన్న నన్ను మోకరిల్లజేసే పలుకుబడి ఇంకొకటున్నది. మరిచిపోయిన సంగతి చెప్పాల్సి వచ్చినప్పుడు మావాండ్లు ఉత్త 'మరిసిన' అని ఊరుకోరు, 'యాదిమరిసిన' అంటరు. ఉప్పు తెచ్చుడు యాదిమరిసిన, తాళంచెవి తెచ్చుడు యాదిమరిసిన, ఆయన ఊరేందో యాదిమరిసిన. పోయినదాని పేరు ఎత్తనిదే పోయిందని చెప్పలేని నుడికారం ఇది. మరుపు గడప మీద కూడా నీ పేరే రాసి ఉన్నది. నువ్వు చేజారినవని ఒప్పుకునే ఆ క్షణాన కూడా నిన్నే నోట పట్టుకొని ఉంటరు మావాండ్లు. ఇంత ప్రేమించిన మాటను ఏ భాషయినా ఎట్ల పోగొట్టుకుంటది?

ఏ దేశపు బిడ్డవు నువ్వు? ఏ ఎడారి గాలి నిన్ను ఊయలూపింది? ఇరాన్ పీఠభూమి మీద, ఇప్పటి ఫారసీ ఇంకా కండ్లు తెరవకముందు, పహ్లవీ పలికిన నోళ్లలో నీ చిన్ననాటి పేరు 'అయాద్'. ఆ భాషలో మిగిలిన పాత వీరగాథ ఒకటున్నది, 'అయాద్‌గారి జరేరాన్'. నమ్మిన ధర్మం కోసం యుద్ధానికి పోయి ఒరిగిపోయిన జరేర్ కథ అది. అతని పసికొడుకు బస్త్వర్ రణభూమిలో తండ్రిని వెతుక్కుంటూ పోతడు; దొరికిన దేహం ముందు నిలబడి ఏడుస్తడు. ఆ ఏడుపే ఆ గాథకు గుండెకాయ, ఆ గాథ పేరులోనే నువ్వు. తండ్రి లేని పిల్లగాని కన్నీటికి తోడు నిలబడుడు అంత పాతకాలం నుంచే నీ కొలువన్నమాట. ఇయ్యాల ఎల్బీనగర్‌లో ఎవరి నాయినో పోయి, గోడకున్న పటానికి దండేసి, 'మా నాయిన యాదికొస్తున్నడు' అని ఒక కొడుకు గొంతు పూడుకుపోతే, నువ్వు ఆ పాత కొలువులోనే ఉన్నవు. దేశం మారింది, దేవుడు మారిండు, గుర్రాలు పోయి బస్సులొచ్చినయి. నీ పని మారలేదు.

కాలం నడిచింది. నీ ముందున్న అకారం రాలిపోయి 'యాద్' అయినవు. తోటల్లో, గజళ్లలో, విరహుల నిద్రలేని రాత్రుల్లో మసలినవు. యాద్‌గార్‌వై రాళ్ల మీద చెక్కించుకున్నవు, యాద్‌దాష్త్‌వై కాయితాల మీద రాయించుకున్నవు. అక్కడి నుంచి మా దక్కనుకు దిగినవు. ఏ తొవ్వన దిగినవంటే అన్ని తొవ్వలూ నావేనంటవు. గుర్రపు డెక్కల వెంబడి, అత్తరు సీసాల వెంబడి, ఫకీరు జోలె వెంబడి, దఫ్తరు కట్టల వెంబడి, పీర్ల పండుగ నాడు కర్బలా దుఃఖాన్ని తెలుగు పాటలోకి ఎత్తుకున్న పల్లె గుండెల వెంబడి. గోలకొండను 1550 నుంచి 1580 దాకా ఇబ్రహీం కుతుబ్ షా ఏలిండు. మన కవులు ఆ సుల్తానును మురిపెంగా మల్కిభరాముడని పిలుచుకున్నరు. ఆ కొలువుకు చెందిన అమీన్ ఖాన్‌కు పొన్నికంటి తెలగన 'యయాతి చరిత్ర'ను అంకితమిచ్చిండు. సంస్కృతపు పోగు కలవకుండా నేసిన తొలి అచ్చతెనుగు కావ్యం అది. ఎంత అబ్బురం! ఫారసీ ఎరిగిన దొర అచ్చతెలుగు కోసం చేయి చాచిన నేల ఇదే. అచ్చతెలుగు తప్ప తెలియని అవ్వ ఫారసీ మాటకు ఒడి పట్టిన నేల ఇదే.

ఒడి పట్టింది సరే, పేరు కూడా పెట్టింది. తెలుగు గడపకు ఒక కట్టుబాటున్నది: లోపలికొచ్చిన మాట అచ్చుతో ముగియాలె. దోస్త్ వచ్చి దోస్తు అయింది. బజార్ వచ్చి బజారు అయింది. జేబ్ జేబు అయింది, తారీఖ్ తారీఖు అయింది. వచ్చిన చుట్టాలకు ఉకారమే తలపాగా చుట్టి కూర్చోబెట్టింది మా భాష. నీ వంతు వచ్చేసరికి ఏమనుకున్నదో ఏమో, ఇకారం తీసి నీ నుదుట దిద్దింది! పెదవులు ముడుచుకునే చోట పెదవులు విచ్చుకున్నయి. 'సోహ్బత్' అనే మరో పరదేశి చుట్టానికీ ఇదే మన్నన దక్కి 'సోపతి' అయింది. యాది, సోపతి! ఒకరు లేనిదే ఒకరికి పొద్దుపోని అక్కాచెల్లెండ్లు మీరిద్దరు. సోపతి దూరమైతే యాది, యాది ముదిరితే మళ్లా సోపతి కోసం తొవ్వ పట్టుడు. ఈ ఇకారాన్ని ఏ పండితసభా నిర్ణయించలేదు. బాయికాడ, కల్లంకాడ, నాట్ల పాటల నడుమ, పిల్లను అత్తగారింటికి సాగనంపే బండి ఎనుక, పేరు తెలియని నోళ్లు వేలసార్లు పలికి పలికి నిన్నిట్ల నునుపు చేసినయి.

ఇదే మాట పక్కింట్లకు పోయి వేరే వేషం కట్టింది. 1956 దాకా తెలుగు, మరాఠీ, కన్నడ జిల్లాలు హైదరాబాద్ రాష్ట్రమనే ఒక్క పందిరి కింద ఉండె. మరాఠీ నోట 'యాదీ' అంటే జాబితా. కన్నడ నోట 'యాది' అన్నా జాబితానే. కిరాణం సరుకుల పట్టీకి నీ పేరు! మన కచేరీలు కూడా నిన్ను 'యాదాస్తు' చేసి మొహర్ల కింద కూర్చోబెట్టినయి. దాన్ని నేను చిన్నబుచ్చను. ఇంటికి కావాల్సినవి మరువొద్దని రాసుకునే పట్టీలోనూ మమకారముంటది. అయినా మా పల్లె చేసిన పని చూసి నాకు గర్వం: నిన్ను కాయితం మీదికెల్లి లేపింది, లెక్కల బరువు దించింది, పసుపు రాసిన గడప దాటించి కడుపులో దాచుకున్నది.

ఇప్పుడు నీ ఇల్లు చూపిస్త. హైదరాబాదు తూర్పు దిక్కున మూసారాంబాగ్ దాటి, దిల్‌సుఖ్‌నగర్ మీదుగా, చైతన్యపురి, కొత్తపేట, ఎల్బీనగర్ దాకా సాగిన ఈ పొడుగాటి తొవ్వ, బస్సు మీద బస్సు ఒరుసుకొని పోయే తొవ్వ, 2018 సెప్టెంబర్ 24 నుంచి నెత్తి మీద మెట్రో పట్టాలు మోస్తున్న తొవ్వ, ఇదంతా నీ వాకిలే. ఇక్కడి పేర్లను ఒక్కొక్కటి నెమ్మదిగా పలికితే ప్రతి పేరు లోపల నువ్వు దీపం పట్టుకొని కూర్చున్నట్టు కనబడుతది.

మూసారాంబాగ్ అనే పేరు లోపల ఒక ఫ్రెంచి మనిషి నిద్రపోతున్నడు. నిజాం ఫౌజును నడిపిన రేమండ్, 1798లో కన్నుమూసి అస్మాన్‌గఢ్ గుట్ట మీద మట్టిలో కలిసినవాడు. ముసల్మానులు అతన్ని మూసా రహీం అన్నరు, హిందువులు మూసా రాం అన్నరు. ఎక్కడి ఫ్రెంచి గడ్డ, ఎక్కడి మూసీ ఒడ్డు! కన్నతల్లి పెట్టిన పేరు ఈ ఊరి నోటికి అందలేదు. అందినంత మేరకు అందుకొని, తన దేవుళ్ల పేర్లలో ముంచి, తన బిడ్డను పిలిచినట్టు పిలుచుకున్నది. అతను పోయి రెండు వందల ఏండ్లు దాటినా రోజూ ఎవరో ఒకరు కండక్టరుకు పైసలిచ్చి అతని పేరే చెబుతున్నరు. యాద్‌ను యాది చేసిన నోరే రేమండును మూసారాం చేసింది. పరాయివానికి ఈ ఊరు పెట్టే అన్నం అది: ముందు పేరు మారుస్తది, తర్వాత మరువనే మరువదు.

సరూర్‌నగర్ అంటే ఆనందపురి. సరూర్ అంటే ఆనందం. దిల్‌సుఖ్‌నగర్‌లో దిల్ ఫారసీది, సుఖం సంస్కృతానిది. రెండూ ఒకే బోర్డు మీద భుజాలు కలిపి నిలబడినయి. ఇంకొంచెం తూర్పుకు పోతే హయత్‌నగర్, హయాత్ బక్షీ బేగం పేరు మీద వెలసిన ఊరు. హయాత్ అంటే బతుకు. ఆనందం, గుండెకు సుఖం, బతుకు: ఒక్క బస్సు టికెట్టు దూరంలో మనిషికి కావాల్సినవన్నీ! నడుమ విక్టోరియా మెమోరియల్ స్టేషన్ ఉన్నది. పోయిన ఒక రాణి యాదిలో నెలకొల్పిన అనాథ పిల్లల నిలయం పేరు అది. రాణి ఎప్పుడూ ఈ మట్టి తొక్కలేదు. తల్లిదండ్రులు లేని పిల్లలు మాత్రం ఆ నీడన అన్నం తిన్నరు, అక్షరాలు దిద్దుకున్నరు. రాతి విగ్రహం కన్న ఇది పెద్ద యాద్‌గార్ అని నా మనసు చెబుతది. ఇక ఎల్బీనగర్, లాల్ బహదూర్ శాస్త్రి పేరు; పొట్టి మనిషి, గట్టి మాట, నిరాడంబరమైన బతుకు. ఆ పేరును రెండు ఇంగ్లీషు అక్షరాలకు కుదించేసినం. యాదీ, నువ్వు అప్పుడప్పుడు దాన్ని మళ్లీ విప్పి పూర్తిగా వినిపించు.

ఈ పేటల్లో పుట్టినవాండ్ల కన్న వచ్చి చేరినవాండ్లే ఎక్కువ. నల్లగొండ నుంచి, సూర్యాపేట నుంచి, ఖమ్మం నుంచి విజయవాడ తొవ్వన కొందరు. దేవరకొండ నుంచి, మాల్ నుంచి, ఇబ్రహీంపట్నం నుంచి సాగర్ తొవ్వన కొందరు. ముల్లె మూట పట్టుకొని దిగినరు. చేతిసంచిలో జొన్నపిండి, డబ్బాలో పచ్చడి, గుండెల నువ్వు. కిరాయి అర్ర దొరకకముందే నువ్వు దొరికినవు వాండ్లకు. ఇంకా ఊరు విడిచి పొద్దన్న కాలేదు, అప్పుడే యాదికొస్తున్నది ఊరు. దిల్‌సుఖ్‌నగర్ గల్లీల్లో హాస్టళ్లు, హాస్టళ్లలో ఇరుకు మంచాలు, మంచాల మీద పోటీ పరీక్షల పుస్తకాలు, ఆ పుస్తకాల మీద తల పెట్టి పడుకున్న పిల్లలు. రాజ్యాంగం అధికరణలు యాదుంచుకోవాలె, నదుల పొడవులు యాదుంచుకోవాలె, రాజుల ఏండ్లు యాదుంచుకోవాలె. పగలంతా నిన్ను పనికి పెడతరు. రాత్రి దీపం ఆర్పినంక నువ్వు పని చాలించి అసలు రూపంలో వస్తవు: వాకిట్ల యాపచెట్టై, గంజిలో వేసిన ఉల్లిగడ్డై, చెల్లె జడై, ఎద్దు మెడ గంటై. ఫోను మోగుతది. 'యాదికొస్తున్నవు కొడుకా' అంటది అమ్మ. 'నువ్వు గూడ అమ్మా' అని చెప్పలేక 'తిన్నవా' అంటడు కొడుకు. నిన్ను పలకకుండా నిన్నే చెప్పిన ఆ ఒక్క మాటకు ఏ ఛందస్సు సాటి?

కృష్ణ అవతలి నుంచి వచ్చి ఇండ్లు కట్టుకున్నవాండ్లూ ఈ పేటల్లో చాలామంది. వాండ్ల నోట ముందు 'గుర్తొచ్చింది' ఉండె. ఏండ్లు గడిచినంక, పక్కింటామెతో పూలకోసం, నీళ్లకోసం మాట కలిసినంక, ఒకనాడు తెలియకుండానే 'యాదికొచ్చింది' అంటరు. ఎవరూ నేర్పలేదు, ఎవరూ అడగలేదు. ఇంత చల్లగా ఇంకొకరి నోట్లో మొలకెత్తే గుణం నీకెవరిచ్చిండ్రు? ఇరాన్ నుంచి తెచ్చుకున్నవా, మా నల్లరేగడిలో పొందినవా?

ఈ తూర్పు దిక్కు మనుషుల పేర్లలో కూడా నీ గాలి వీస్తది. యాదగిరి, యాదయ్య, యాదమ్మ! ఆ పేర్లు యాదగిరిగుట్ట నరసింహునివి. తపస్సు చేసిన యాదర్షి పేరు మీద వెలసిన గుట్ట అది. వేరు వేరే, వంశం వేరే, నీకూ వాటికీ రక్తసంబంధం లేదు. అయినా యాదమ్మ అని పిలిచిన ప్రతిసారీ నా చెవి మోసపోవడానికి సిద్ధంగా ఉంటది. యాదమ్మ అంటే యాదిని కన్నమ్మ అనిపిస్తది. యాదగిరి అంటే ఎంత ఎక్కినా తరగని యాదుల గుట్ట అనిపిస్తది. నిఘంటువు కాదంటది. కానీ గాక. చెవికి కూడా ఒక భక్తి ఉంటది.

చెరువుకు యాది ఉంటదా? ఉంటదని చెప్పింది సరూర్‌నగర్ చెరువు. 1626 నాటి నీళ్లు అవి. చెరువు లోపలి నేలను మావాండ్లు శికం అంటరు. శికం అంటే ఫారసీలో కడుపు. ఎంత నిజమైన పేరు! ఆ కడుపును మట్టితో నింపి, మీద గోడలు లేపి, గోడలకు రంగులేసి, గేట్లకు పేర్లు రాసుకున్నం. చెరువు ఏమీ అనలేదు. 2020 అక్టోబర్‌లో ఆకాశం తెగి కురిసిన ఆ రాత్రులల్ల దానికి తన కడుపు యాదికొచ్చింది. తన పాత హద్దులు, తన పాత వాగులు, తన పాత మత్తడి అన్నీ యాదికొచ్చి, గల్లీ గల్లీ తిరిగి చూసుకున్నది. మంచాలు తేలినయి, బియ్యం తడిసినయి, పిల్లలను భుజాల మీద ఎత్తుకొని నడుములోతు నీళ్లలో నడిచిండ్రు తండ్రులు. ఆ నీళ్ల మీద నాకు కోపం రాదు. మనం యాదిమరిసినదాన్ని అది యాదుంచుకున్నది.

నువ్వు ఎప్పుడూ తీయగనే ఉండవు, తెలుసు. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్ నడిబొడ్డున, ఇంటికి పోయే బస్సు కోసం నిలబడిన జనం నడుమ, రెండు బాంబులు పేలినయి. పుస్తకాలు పట్టుకున్న పిల్లలున్నరు అందులో, కూరగాయల సంచి పట్టుకున్నవాండ్లున్నరు. ఆ చోట ఇప్పుడు బండ్లు మళ్లీ నిలబడినయి, మిర్చి బజ్జీ మళ్లీ నూనెలో చిటపటమంటున్నది, జనం మళ్లీ ఒరుసుకొని నడుస్తున్నరు. కాని అటు పోతుంటే ఒక పెద్దమనిషి మాట ఆపుతడు, రెండడుగులు మౌనంగా నడుస్తడు, మళ్లీ మాట అందుకుంటడు. ఆ రెండడుగుల నేల నీది. ఎల్బీనగర్ చౌరస్తాలో శ్రీకాంతాచారి విగ్రహం ముందు కూడా నువ్వు నిలబడి ఉంటవు, 2009 నవంబర్ 29ని పట్టుకొని. తెలంగాణ కోసం ఒంటికి నిప్పంటించుకున్న, ఇంకా ఎంతో బతుకు ముందున్న పిల్లగాడు. తెలంగాణ వచ్చింది, దండలు పడుతున్నయి, పేర్లు పెడుతున్నరు. అతను బతికుండి ఈ చౌరస్తా దాటి ఊరికి పోయే బస్సెక్కితే ఎంత బాగుండునో అని నాకు ప్రతిసారీ అనిపిస్తది. ఇట్ల మండుతవు కూడా నువ్వు, యాదీ. మండినా నిన్ను విడువం.

అట్లని దుఃఖం దగ్గరే నిన్ను కూర్చోబెట్టను. పెత్రమాస వస్తది. ఏడాదికొక్కసారి, పోయిన పెద్దలకు బియ్యమిచ్చే అమాస. పొద్దున ఇంట్లో విస్తరి వేసి, తాత పేరు, ముత్తాత పేరు, వాండ్ల నాయిన పేరు ఒక్కొక్కటి తవ్వి తీస్తరు. 'ఆయనకు చింతకాయ తొక్కంటే పానం' అని ఒకరంటరు, 'ఈమెకు ఎర్రంచు చీరంటే ఇష్టం' అని ఒకరంటరు. సాయంత్రానికి, అదే రోజు సాయంత్రానికి, ఎంగిలిపూల బతుకమ్మ! కొత్తపేట రోడ్డు పక్కన గునుగు కట్టలు, తంగేడు కొమ్మలు, పట్టుకుచ్చులు, బంతిపూల రాశులు. పొద్దున పోయినవాండ్ల పేర్లు ఎత్తిన నోళ్లే సాయంత్రం బతుకమ్మ పేరు ఎత్తుతయి. చనిపోయినవాండ్ల పండుగను, బతుకు పండుగను ఒక్క పొద్దులో కుట్టిన ఆ సూది నువ్వే. అవ్వ చేతిలోకెల్లి మనుమరాలి చేతికి తాంబాళం మారుతది. దాంతోపాటు నువ్వు మారుతవు. పాట మొదటి చరణం అందుకునేది ముసలి గొంతు, తిప్పి చెప్పేది లేత గొంతు, నడుమ ఊగేది నువ్వు.

నిన్ను పుస్తకానికి ఎక్కించిన మహానుభావుని పేరు చెప్పుకోకుంటే నా నోరు ఎంగిలే. ఆదిలాబాద్ మట్టిలో మెరిసిన సామల సదాశివ, ఉర్దూ, ఫారసీ, మరాఠీ, తెలుగు నాలుగు బావుల నీళ్లు ఒకే దోసిట తాగిన పెద్దాయన. 2011లో 'స్వరలయలు'కు సాహిత్య అకాడెమీ సత్కారం అందుకున్న ఆయన, తన బతుకును చెప్పుకోవాల్సి వచ్చినప్పుడు ఆత్మకథ అనే బరువైన మాట జోలికి పోలేదు. పుస్తకానికి 'యాది' అని పేరు పెట్టుకున్నడు. నీ పుట్టిల్లు తెలిసినవాడు, నీ మెట్టినిల్లు తెలిసినవాడు, నిన్ను తన ఇంటి పేరు చేసుకున్నంత ప్రేమగా పిలిచిండు.

అయినా నిన్ను దిద్దేవాండ్లు ఉన్నరు. బడిలో పిల్ల లేచి 'టీచర్, యాదికొచ్చింది' అంటే, 'జ్ఞాపకం వచ్చింది అనాలమ్మా' అని దిద్దిన రోజులు ఎన్నో గడిచినయి. ఆ పిల్లకు జవాబు యాదికొచ్చింది. మాట విన్నంక జవాబు పోయింది, మాటా పోయింది. నాకు అది తప్పు అనిపించుడు కాదు, గాయం అనిపిస్తది. సినిమాల్లో నిన్ను నవ్వుల కోసం వాడుకున్నరు, రౌడీల నోట్లో పెట్టిండ్రు. ఎక్కడో ఉత్తరాన స్కాట్లాండ్‌లో రాబర్ట్ బర్న్స్ అనే కవి 1788లో తమ పల్లె నుడిలో ఒక పాట రాసి పెట్టిండు, 'ఆల్డ్ లాంగ్ సైన్', ఎప్పటివో పాత దినాల యాది అది. దాన్ని ఎవరూ లండన్ ఇంగ్లీషులోకి దిద్దలేదు. కొత్త సంవత్సరం రాత్రి లోకమంతా చేతులు పట్టుకొని ఆ యాసలోనే పాడుతది. అర్థం అడిగితే పాడేవాండ్లలో చాలామంది తడబడుతరు, పాట మాత్రం తడబడదు. మన కాళోజీ పుట్టిన సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినమని జరుపుకుంటున్నం కదా, ఆ ఒక్కరోజు మైకుల ముందు నిన్ను పొగిడితే చాలదు. మిగిలిన మూడు వందల అరవై నాలుగు రోజులు పిల్లల నోట నిన్ను ఉండనియ్యాలె. తెలుగులో జ్ఞాపకానికీ చోటున్నది, నీకూ ఉన్నది. ఎవరినీ లేపి ఎవరినీ కూర్చోబెట్టాల్సిన పని లేదు. ఇద్దరూ ఒకే పంక్తిలో కూర్చోండి. వడ్డించడానికి మేమున్నం.

పైగా నీకింకా చేతినిండా పనున్నది, యాదీ. కొత్తపేట పండ్ల మార్కెట్ బాటసింగారం పోయింది. ఎండకాలం అర్ధరాత్రి లారీలు దిగి, గడ్డి పరిచిన బుట్టల్లోంచి మామిడి వాసన లేచి, గడ్డిఅన్నారం దాకా గాలి పచ్చగా మారే రాత్రులు ఇక ఈ తొవ్వకు లేవు. హమాలీల కేకలు, వేలంపాటల లెక్కలు, రాలిన పండ్లు ఏరుకునే పిల్లలు, తెల్లారుజాము చాయ్ బండి: వీటిని ఎవరు చూసుకుంటరు, నువ్వు కాక? మార్కెట్ ఉన్న చోట పెద్ద దవాఖాన కట్టడానికి 2022లో పునాదిరాయి పడ్డది. రేపు ఆ తలుపుల్లోంచి నల్లగొండ అవ్వలు, దేవరకొండ తాతలు చీటీలు పట్టుకొని నడుస్తరు. కొందరు నడిచి వస్తరు, కొందరు రారు. ఒక అంతస్తులో ఒకరి ఊపిరి ఆగుతది, ఇంకో అంతస్తులో ఒక పసిగొంతు తొలి ఏడుపు అందుకుంటది. ఆ పసికందును గుడ్డలో చుట్టి చేతికిచ్చినప్పుడు, ఏం పేరు పెడదామని అందరూ ఒకరి మొఖం ఒకరు చూసుకున్నప్పుడు, పోయిన తాత పేరు వాండ్లు యాదిమరవకుండా చూసుడు నీ వంతు. ఆ పేరు గల్లీ అంతా వినబడేటట్టు పిలుచుడు మా వంతు.